‘షుగర్’ అనే పేరు తెచ్చిన తంటా

కడప ఏడు రోడ్ల కూడలిలోనైనా, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరైనా పొద్దున్నే టీ కొట్టు ముందు నిలబడితే “అన్నా, నాకు చక్కెర లేకుండా” అనే మాట మళ్లీ మళ్లీ వినబడుతుంది. ఆ మాట అన్నవాళ్లలో చాలామంది అప్పటికే పక్క బండి దగ్గర ఒక ప్లేటు ఉగ్గాని, మూడు నాలుగు బజ్జీలు తినేసి ఉంటారు. బొరుగులు గాలికి ఎగిరేంత తేలిక కాబట్టి ఒంటికీ తేలికే అనుకుంటారు. కానీ 100 గ్రాముల బొరుగుల్లో 75 గ్రాములకు పైగా పిండిపదార్థమే. ఒక ప్లేటు ఉగ్గానికి 50 గ్రాముల బొరుగులు పట్టినా, దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం కడుపులోకి పోతుంది. టీలో మానేసిన చక్కెర రెండు చెంచాలు, అంటే 10 గ్రాములు.

తినేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. జబ్బుకు మనం పెట్టుకున్న పేరే వాళ్లను టీ గ్లాసు వైపు చూడమంది. “షుగర్ వచ్చింది”, “చక్కెర వ్యాధి” అంటూ చక్కెర డబ్బాను దోషిగా నిలబెట్టాక, అన్నం గిన్నె మీద ఎవరికీ అనుమానం రాదు. చక్కెర గురించి ఊళ్లో, ఫోన్లలో తిరిగే మాటల్లో చాలా వాటికి ఈ పొరపాటే మూలం. ఒక్కో మాటనూ గ్రాముల్లో కొలిచి చూస్తే ఏది నిజమో, ఏది సగం నిజమో తేలుతుంది.

చక్కెర తింటే షుగర్ వస్తుందా

చక్కెర అంటే సుక్రోజ్. ఒక గ్లూకోజ్ అణువు, ఒక ఫ్రక్టోజ్ అణువు జంటగా ఉంటాయి. పేగులో ఆ జంట విడిపోతుంది. గ్లూకోజ్ రక్తంలో కలుస్తుంది, ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం పట్టుకుంటుంది. అన్నంలోని పిండిపదార్థం మాత్రం మొత్తం గ్లూకోజ్ గొలుసులే, అరిగితే అంతా గ్లూకోజే. అందుకే ఉత్త గ్లూకోజ్ తిన్నప్పుడు రక్తంలో వచ్చే పెరుగుదలను 100 అనుకుంటే, చక్కెరది 65 దగ్గర ఉంటుంది, పాలిష్ పట్టిన తెల్లన్నానిది చాలా రకాల్లో 70 దాటుతుంది. దీన్నే గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. కర్నూలు సోనా మసూరి అన్నం 300 గ్రాములు, అంటే మధ్యాహ్నం ఒక మోస్తరు కంచం, తింటే 80 గ్రాములకు పైగా పిండిపదార్థం. బరువు లెక్కన అది 16 చెంచాల చక్కెరతో సమానం. టీలో రెండు చెంచాలు మాని, కంచంలో అంత అన్నం అలాగే ఉంచితే ఫలితం ఎందుకు మారలేదో ఈ అంకెలే చెబుతాయి.

అయితే చక్కెర నిర్దోషి అని దీని అర్థం కాదు. టైప్ 2 మధుమేహానికి వంశం, నడుము చుట్టూ కొవ్వు, కండ తక్కువ కావడం, కదలిక లేకపోవడం కలిసి దారి వేస్తాయి. అందులో చక్కెర పాత్ర ఎక్కువగా తీపి పానీయాల ద్వారా వస్తుంది. 2015లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు, రోజుకు ఒక తీపి పానీయం చొప్పున పెరిగితే టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం సుమారు 18 శాతం ఎక్కువగా కనిపించింది. లావు కావడం వల్ల వచ్చిన భాగాన్ని తీసేసినా 13 శాతం మిగిలింది. ద్రవంగా తాగిన తీపి కడుపు నిండిన భావన ఇవ్వదు, దానికి తగ్గట్టు తర్వాతి భోజనం తగ్గదు. ఫ్రక్టోజ్ పెద్ద మోతాదులో ఒక్కసారిగా కాలేయం మీద పడి కొవ్వుగా మారుతుంది. టైప్ 1 సంగతి వేరు. అది రోగనిరోధక వ్యవస్థ క్లోమంలోని కణాలను దెబ్బతీయడం వల్ల వస్తుంది. పిల్లవాడికి టైప్ 1 వస్తే “చాక్లెట్లు అలవాటు చేశారు” అని తల్లిని నిందించడం అన్యాయం.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతటా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. పెద్దల్లో 11.4 శాతం మందికి మధుమేహం, మరో 15.3 శాతం మంది దాని అంచున ఉన్నారు. మనం మాట్లాడుకోవాల్సింది ఈ రెండో గుంపు గురించి. పొద్దున పరగడుపున రక్తంలో గ్లూకోజ్ 100 నుంచి 125 మధ్య, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య వచ్చినవాళ్లు “ఇంకా షుగర్ రాలేదు” అని ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోతారు. కంచం సరిచేసుకోవడానికి అన్నింటికంటే మంచి సమయం అదే.

ఎంత వరకు ఫర్వాలేదు అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక హద్దు చెప్పింది. బయట నుంచి కలిపిన చక్కెర, తేనె, పండ్ల రసాల్లోని చక్కెర కలిపి రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. 2000 కేలరీలు తినే మనిషికి అది 50 గ్రాములు, 25 గ్రాములు. తల కొట్టిన టీ చెంచా 4 గ్రాములు, గుట్టగా తీస్తే 5 నుంచి 6. రోజుకు మూడు టీలు, ఒక్కోదానిలో రెండు గుట్ట చెంచాలు అంటేనే 30 గ్రాములు దాటింది. బిస్కెట్లు, పండగ తీపి ఇంకా లెక్కలోకి రాలేదు.

బెల్లం, పటిక బెల్లం, తేనె

“చక్కెర మానేశాం, బెల్లం వాడుతున్నాం” అనే మాట రాయలసీమలో ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, మధుమేహం ఉన్నవాళ్ల ఇళ్లలో బెల్లం టీ మందులా తయారవుతోంది. బెల్లంలో ఎక్కువ భాగం అదే సుక్రోజ్. మిగిలింది విడిపోయిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్, కాస్త తేమ, కొద్దిగా లవణాలు. కేలరీల్లో తేడా నామమాత్రం. రక్తంలో గ్లూకోజ్‌ను పెంచడంలో చక్కెర కంటే వెనకబడదు. పైగా బెల్లం తీపి కాస్త తక్కువగా తోస్తుంది కాబట్టి రెండు చెంచాల చోట మూడు పడతాయి. అసలు నష్టం అక్కడే జరుగుతుంది.

“బెల్లం తింటే రక్తం పడుతుంది” అనే మాటలో పిసరంత నిజం ఉంది. 100 గ్రాముల బెల్లంలో ఇనుము సుమారు 3 నుంచి 5 మిల్లీగ్రాములు. రోజుకు 20 గ్రాముల బెల్లం తింటే ఒక మిల్లీగ్రాము వస్తుంది. ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. ఆ లెక్కను బెల్లంతోనే తీర్చాలంటే అర కేజీకి పైగా తినాలి. రక్తహీనత ఉన్న అమ్మాయికి బెల్లం ముక్క చేతిలో పెట్టి ఐరన్ మాత్ర ఆపేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. మాత్ర వేసుకోవాలి, నిమ్మరసమో చీనీ (బత్తాయి) పండో తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది. మాత్రకు ముందు వెనక ఒక గంట టీ తాగకూడదు, టీలోని టానిన్లు ఇనుమును పట్టేస్తాయి. బెల్లంతో చేసిన చెనిక్కాయ ఉండలు (వేరుశనగ ఉండలు, కర్నూలు వైపు బుడ్డల ఉండలు) పిల్లలకు మంచివే. వాటి బలం చెనిక్కాయల మాంసకృత్తులది, బెల్లానిది కాదు.

బెల్లం రంగు గురించి ఒక మాట. పసిమి రంగులో తళతళలాడే బెల్లం కోసం కొన్నిచోట్ల పాకంలో ‘హైడ్రోస్’ అనే గంధకపు పొడి కలుపుతారు. ముదురు గోధుమ రంగు బెల్లం చూడ్డానికి బాగా లేకపోయినా ఆ అనుమానం తక్కువ. చక్కెరను బొగ్గు చేసిన ఎముకలతో తెల్లబరుస్తారన్న ప్రచారం విదేశీ రిఫైనరీల పద్ధతి నుంచి వచ్చింది. మన మిల్లుల్లో ఎక్కువ భాగం చెరకు రసాన్ని సున్నంతో, గంధకపు వాయువుతో శుద్ధి చేస్తాయి.

పటిక బెల్లం చలువ, దగ్గుకు మంచిది, షుగర్ వాళ్లూ చప్పరించొచ్చు అని కొందరు ధైర్యం చెబుతారు. పటిక బెల్లం అంటే పెద్ద పలుకులుగా గడ్డకట్టిన చక్కెరే, దాదాపు అచ్చమైన సుక్రోజ్. తేనెలో ఐదో వంతు నీరు, మిగతాది దాదాపు చక్కెరలే. ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె రాయడం మాత్రం పూర్తిగా మానాలి. తేనెలో ఉండే బొటులిజం బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి, విషం తయారుచేసి బిడ్డ కండరాలను చచ్చుబడేలా చేస్తాయి. గోధుమరంగు చక్కెర, తాటి బెల్లం లెక్క కూడా ఇంతే, మోతాదులో మినహాయింపు ఏదీ లేదు.

ఉగాదికి ఓళిగలు (బొబ్బట్లు) చేసే ఇంట్లో పావుకేజీ శనగపప్పు, పావుకేజీ బెల్లంతో పన్నెండు ఓళిగలు వస్తే, ఒక్కోదానిలో 20 గ్రాముల బెల్లం. ఆపైన శనగపప్పు, మైదా. ఒక ఓళిగ తిని ఆ పూట అన్నం సగానికి తగ్గిస్తే లెక్క సరిపోతుంది. మూడు తిని, మర్నాటి నుంచి వారం రోజులు టీలో చక్కెర మానితే సరిపోదు.

చలువ పేరుతో తాగేవి

ఎండాకాలం కడప, అనంతపురం, కర్నూలు మూడు ఊళ్లలోనూ నన్నారి (సుగంధి వేరు షర్బత్) లేకుండా గడవదు. సుగంధి వేరు మంచిదే, వాసన ప్రాణానికి హాయిగా ఉంటుంది. గ్లాసులో పోసేది ఉత్త వేరు కషాయం కాదు, ఆ కషాయం కలిపిన చక్కెర పాకం. చిక్కటి షర్బత్ సిరప్ బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. నన్నారి నిమ్మసోడాలో 40 మిల్లీలీటర్ల సిరప్ పోస్తే 30 గ్రాములు దాటిన చక్కెర, అంటే ఆరు చెంచాలకు పైగా. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలోనూ దాదాపు అంతే ఉంటుంది. “కూల్ డ్రింక్ మాన్పించి నన్నారి పోయిస్తున్నాం” అని తృప్తిపడే తల్లిదండ్రులు ఈ ఒక్క అంకె గుర్తుంచుకోవాలి. ఇంట్లో చేసుకుంటే సుగంధి వేళ్లు నలగ్గొట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున కాచి వడగట్టి, గ్లాసుకు ఒక చెంచా చక్కెర, నిమ్మకాయ పిండుకుంటే వాసన తగ్గదు, చక్కెర ఆరో వంతుకు పడిపోతుంది.

అనంతపురం చీనీ రసానికీ అదే లెక్క. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు మూడు నాలుగు కాయలు పిండుతారు, పీచంతా జల్లెడలోనే ఉండిపోతుంది. కాయలో సహజంగా ఉన్న చక్కెర 16 గ్రాముల దాకా, దుకాణంలో అడగకుండానే వేసే మూడు చెంచాలు ఇంకో 15. ఒకే కాయను తొనలుగా ఒలుచుకుని తింటే నాలుగైదు గ్రాములు, అదీ పీచుతో నెమ్మదిగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ రసంలోని చక్కెరను లెక్కలో వేసి, నమిలి తిన్న పండులోని చక్కెరను వదిలేయడానికి కారణం ఇదే.

అందుకే పండ్ల మీద నిషేధం అక్కర్లేదు. పెన్నా ఇసుకలో పండే కలింగర (పుచ్చ) కాయకు గ్లైసీమిక్ ఇండెక్స్ ఎక్కువ అని బెదిరిస్తారు, కానీ 100 గ్రాముల్లో చక్కెర ఆరేడు గ్రాములే, మిగతాది నీరు. బనగానపల్లె మామిడి గుజ్జులో 100 గ్రాములకు 14 గ్రాముల దాకా. సగం కాయ సాయంత్రం ఫలహారంగా తింటే కొంప మునగదు. భోజనం ముగిశాక రెండు కాయలు, అదీ పెరుగన్నంలో పిసుక్కుని తింటేనే ఇబ్బంది. పులివెందుల అరటి పండు ఒకటి తింటే 20 గ్రాములకు కాస్త పైగా పిండిపదార్థం, అర గరిట అన్నం తగ్గించుకుంటే సరిపోతుంది.

సంగటి మీద అతి నమ్మకం

రాగులు గొప్ప ధాన్యం. 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియం, తెల్లబియ్యానికి లేని పీచు ఉంటాయి. “సంగటి అయితే షుగర్ వాళ్లు ఎంతైనా తినొచ్చు” అనే మాట దగ్గరే కాలు జారుతుంది. రాగుల్లోనూ 100కు 67 గ్రాముల దాకా పిండిపదార్థమే. పైగా సంగటిలో సగం, హోటళ్లలో కొన్నిచోట్ల సగానికి మించి, బియ్యమే. 50 గ్రాముల బియ్యం, 50 గ్రాముల రాగిపిండితో చేసిన ముద్దలో 70 గ్రాములకు పైగా పిండిపదార్థం చేరుతుంది. బియ్యాన్ని మెత్తగా ఉడికించి, సన్నగా విసిరిన పిండి వేసి, గెలికి గెలికి ముద్ద చేస్తాం కాబట్టి పేగులకు పెద్దగా పని ఉండదు. రాగిజావ ఇంకా తొందరగా అరుగుతుంది. అందులో బెల్లం వేస్తే మరీ.

సంగటిని మానమని కాదు. బియ్యం పాలు నాలుగో వంతుకు తగ్గించి, పిండి కాస్త బరకగా పట్టించుకుని, ముద్ద సైజు పిడికిలిన్నరకు దించితే అది మంచి భోజనమే. ముందు కూర, పప్పు, మాంసమో గుడ్డో కొంత తిని తర్వాత ముద్ద ముట్టుకుంటే గ్లూకోజ్ ఎక్కే వేగం తగ్గుతుంది. ఉత్త ఎర్రకారంతో రెండు ముద్దలు తినడం కంటే ఊరిబిండి, ఆకుకూర పప్పుతో ఒక ముద్ద మేలు. కిరాణా కొట్లలో ‘షుగర్ ఫ్రీ రైస్’ అని అమ్మే బియ్యానిదీ ఇదే కథ. తెలంగాణ సోనా రకానికి గ్లైసీమిక్ ఇండెక్స్ 51 చుట్టుపక్కల అన్నది నిజమే, కానీ అది ఎక్కే వేగం తక్కువని చెప్పే అంకె. రెండింతలు తింటే ఆ లాభం పోతుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గ్లూకోమీటర్ ఉంటే ఒకరోజు సంగటి, ఇంకోరోజు అన్నం, అవే కూరలతో తిని, మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచి రెండు గంటలకు చూడాలి. వేలు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. మామిడి పండు ఒలిచిన వేలితో చూస్తే పండు తీపి కలిసి లేని 300 కనబడుతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి. కర్నూలు మే నెల ఎండలో బండి డిక్కీలో ఉంచిన స్ట్రిప్పులను నమ్మకూడదు. పరీక్షకు ముందు రెండ్రోజులు తీపి మానేసి వెళ్లడం వల్ల పరగడుపు అంకె దిగొచ్చు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ దిగదు. అయితే ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

పిల్లలు, పళ్లు, క్యాన్సర్

చక్కెర తింటే పిల్లలు అల్లరి ఎక్కువ చేస్తారన్నది రుజువు కాలేదు. 1994లో అమెరికాలో కొందరు తల్లులకు మీ అబ్బాయికి చక్కెర ఇచ్చామని చెప్పారు. నిజానికి ఇచ్చింది చక్కెర లేని తీపి. అయినా ఆ తల్లులకు పిల్లలు మరింత గోల చేస్తున్నట్టే కనిపించింది. పిల్లలకు చక్కెర తగ్గించడానికి పళ్లే సరైన కారణం. తీపి తిన్న కొన్ని నిమిషాల్లో నోటి బాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది, పీహెచ్ 5.5 కంటే పడితే పన్ను పైపొర కరగడం మొదలవుతుంది, తేరుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఎంత తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పళ్లకు ముఖ్యం. మధ్యాహ్నం భోజనంతో ఒక లడ్డూ తిన్నా పళ్లు తట్టుకుంటాయి. సాయంత్రమంతా చప్పరించే చాక్లెట్, పన్నుకు అంటుకునే బెల్లం పాకం తట్టుకోలేవు.

చక్కెర మానేస్తే క్యాన్సర్ గడ్డ ఆకలితో చచ్చిపోతుందన్న మాటకు మూలం 1920ల్లో ఆటో వార్బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూసిన విషయం: క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడుకుంటాయి. అది నిజమే, క్యాన్సర్ గడ్డలను వెతికే పెట్ స్కాన్ పనిచేసేది దాని ఆధారంగానే. కానీ చక్కెర మానినా కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది, గడ్డకు అందుతూనే ఉంటుంది. చికిత్సలో ఉన్న మనిషికి అన్నం, పాలు, పండ్లు మాన్పిస్తే చిక్కిపోయేది మనిషే. ఊబకాయం వల్ల పెద్దపేగు, గర్భాశయం వంటి క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది, చక్కెరకూ క్యాన్సర్‌కూ గట్టి సంబంధం ఆ దారిలోనే ఉంది.

టీలో వేసుకునే తీపి మాత్రల మీద 2023 జులైలో పెద్ద భయం లేచింది. కొన్ని తీపి మాత్రల్లో ఉండే ఆస్పర్టేమ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చన్న జాబితాలో చేర్చింది, అదే సమయంలో రోజుకు కేజీ బరువుకు 40 మిల్లీగ్రాముల పరిమితిని మార్చనవసరం లేదని ఆహార నిపుణుల సంఘం చెప్పింది. 60 కేజీల మనిషికి అది 2400 మిల్లీగ్రాములు, రోజుకు మూడు నాలుగు మాత్రలతో దాని దరిదాపులకు కూడా పోలేరు. బరువు తగ్గడానికి మాత్రం వీటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది మేలో చెప్పింది.

చక్కెరే మందయ్యే వేళ

“చక్కెర విషం” అనే మాటను నూటికి నూరుపాళ్లు నమ్మడం ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలు రెండున్నాయి. ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఇవి మరవకూడదు.

విరేచనాలు, వాంతులతో నీరు కోల్పోయినప్పుడు పేగు గోడ సోడియంను గ్లూకోజ్‌తో జతకట్టి లోపలికి లాక్కుంటుంది, ఆ వెంట నీరు వస్తుంది. ఓఆర్ఎస్ పనిచేసేది అలాగే. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ అంటే మూడు చెంచాల లోపే, మధుమేహం ఉన్నవాళ్లకైనా విరేచనాలప్పుడు ఇవ్వాల్సిందే. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీటిలోనే కలపాలి, చిటికెడు చిటికెడు గ్లాసులో వేస్తే పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి తల కొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాల్లో చక్కెర దీనికి చాలా రెట్లు ఉంటుంది, అవి విరేచనాలను ఇంకా పెంచుతాయి. పాళ్లు సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

రెండోది, గ్లూకోజ్ పడిపోవడం. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకుని పొద్దున తినకుండా చెనిక్కాయ పీకడానికి పోయినవాళ్లకు, మందు మార్చుకోకుండా రంజాన్‌లో రోజా ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ. చెమటలు, వణుకు, దడ, చూపు మసకబారడం, మాట తడబడటం దీని గుర్తులు. 70 కంటే తక్కువ ఉంటే, లేదా చూసే వీలు లేకపోయినా ఈ గుర్తులుంటే, మూడు చెంచాల చక్కెర అర గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. పదిహేను నిమిషాలకు తేరుకోకపోతే మళ్లీ అంతే, తేరుకున్నాక అన్నమో రొట్టో తినాలి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు గ్లూకోజ్‌ను ఆలస్యం చేస్తుంది. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఒక చిన్న విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. మాత్రల అట్ట వెనక వోగ్లిబోస్ లేదా అకార్బోస్ అనే పేరు ఉంటే, ఆ మందు పేగులో చక్కెర జంట విడిపోకుండా అడ్డుపడుతుంది. అప్పుడు చక్కెర నీళ్లు తాగినా గ్లూకోజ్ త్వరగా ఎక్కదు. ఆ మాత్ర వాడేవాళ్ల జేబులో, పొలానికి తీసుకెళ్లే సంచిలో చక్కెర పొట్లానికి బదులు మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడి ఉండాలి.